మంద్రధ్వని చెడితే దోషం ఎవరిది?

ఖరగ్‌పూర్ వంటి పెద్ద రైల్వే కూడలిలో బండి స్టేషనులోనికి వచ్చే వేళ, పట్టాలకు రెండు ప్రక్కలా కొందరు ఉద్యోగులు గొంతుక్కూర్చుని ఉండటం ప్రయాణికులలో పలువురు చూచే ఉంటారు. వారి చూపు చక్రాల మీద, చెవి చక్రాల చప్పుడు మీద ఉంటుంది. ఒకచోట అరిగి చదునైపోయిన చక్రం తిరిగిన ప్రతిసారీ ధబ్ ధబ్‌మని లయగా మోగుతుంది. వదులైన గొలుసు గలగలలాడుతుంది. అంత రొదలో ఏ శబ్దం ఏ పెట్టె క్రింద పుట్టిందో గుర్తించడమే వారి విద్య. పూర్వం ఇంతటితో ఆగక, చక్రాన్ని సుత్తితో తట్టి చూచేవారు. ఖంగుమంటే బాగున్నట్లు, బొంగుగా పలికితే పగులు ఉన్నట్లు అనుమానం. నేడు ఇరుసులలోని పగుళ్లను అతిధ్వని తరంగాలతో పట్టుకొంటున్నారు గాని, చెవికి ఉన్న విలువ మాత్రం ఆ యార్డులో ఇంకా తగ్గలేదు.

19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలైన రోజులలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ తన వర్క్‌షాపును నెలకొల్పింది. ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు తరలివచ్చి స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాలులోని ఈ పట్టణంలో నింపుర, మథురాకాఠి వంటి పేటలలో తెలుగు నేటికీ ఇంటిభాషయే. 2013లో గోరఖ్‌పూర్‌కు స్థానం ఇచ్చేవరకు ప్రపంచంలోకెల్ల పొడవైన ప్లాట్‌ఫారం అన్న పేరు కూడా ఈ స్టేషనుదే. దాని పొడవు 1072 మీటర్లు.

చప్పుడును బట్టి దోషాన్ని కనిపెట్టే ఆ విద్యయే, అటువంటి పట్టణంలోని ఒక ఇంటి ముందుగదిలో హోమ్ థియేటర్ మొరాయించినప్పుడు అక్కరకు వస్తుంది. టెలివిజను ప్రక్కన అయిదు చిన్న స్పీకర్లు, నేలమీద ఒక బరువైన పెట్టె. ఆ పెట్టెయే సబ్‌వూఫర్. ఉరుములు, ఫిరంగులు, డప్పుల మోత దాని పాలు. మొదటి నెలలలో గంభీరంగా పలికిన ఆ పెట్టె ఒకనాడు బుర్రుమనడం, గరగరలాడటం మొదలుపెడుతుంది. గృహస్థు స్పీకరు పోయిందని నిశ్చయిస్తాడు. బజారులో దుకాణదారు కూడా అవునంటాడు. కొత్తది కొంటారు. ఇంటికి తెచ్చి పెడితే గరగర యథాతథం! ఎందుకంటే ఆ ధ్వని పుట్టగల చోట్లు నాలుగున్నవి: గది, అమరిక, విద్యుత్తు, పెట్టె. వీటిలో ఖర్చుతో కూడినది చివరిది ఒక్కటే. పరీక్షించవలసిన వరుస కూడా అదే.

ముందుగా మంద్రధ్వని స్వభావం కొంత తెలుసుకోవలసి ఉన్నది. నేడు మనం వాడే కదిలే తీగచుట్ట స్పీకరును రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో అమెరికాలో రూపొందించారు. కాగితపు శంఖువు ముందుకూ వెనుకకూ కదిలి గాలిని నెడుతుంది. ధ్వని ఎంత క్రిందిదైతే అంత ఎక్కువ గాలిని నెట్టవలసి వస్తుంది. లెక్క ప్రకారం పౌనఃపున్యం సగానికి తగ్గితే, అంతే బిగ్గరగా పలకడానికి శంఖువు నాలుగు రెట్లు దూరం కదలాలి. 80 హెర్ట్జ్ వద్ద ఒక మిల్లీమీటరు కదిలినది 40 వద్ద నాలుగు, 20 వద్ద పదహారు మిల్లీమీటర్లు కదలవలసి ఉంటుందన్నమాట. చౌకరకం పెట్టెలలో అంత చోటే ఉండదు. శంఖువు తన హద్దు దాటగానే ధ్వని చెడుతుంది.

దీనికి తోడు మన చెవి చేసే మాయ ఒకటున్నది. చెవికి మంద్రధ్వని సరిగా వినిపించదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. 50 హెర్ట్జ్ ధ్వని చెవికి ఆనాలంటే 1000 హెర్ట్జ్ ధ్వని కంటే సుమారు 40 డెసిబెల్లు ఎక్కువ కావాలి. అందువల్ల స్పీకరు 25 హెర్ట్జ్ పలుకుతూ, దోషం వల్ల 50, 75 హెర్ట్జ్‌ల వద్ద కొద్దిపాటి వికృతిని కలిపినా, అసలు ధ్వని కంటే ఆ కలుషితమే చెవికి ముందుగా తగులుతుంది. వినేవాడు ధ్వని చాలలేదనుకొని మీట మరికొంత త్రిప్పుతాడు. వికృతి ఇంకా పెరుగుతుంది.

ఇక గది సంగతి. అనేక ఇళ్లలో గరగరకు కారణం పెట్టె కానే కాదు. కిటికీ అద్దం, ఇనుప బీరువా తలుపు, గోడ గడియారం, దేవుని పటం, ట్యూబులైటు పట్టీ, వంటింటి చట్రంలోని స్టీలు పళ్లెం. ప్రతి వస్తువుకూ తనదైన ఒక కంపన సంఖ్య ఉంటుంది. ఆ స్వరం గదిలో మ్రోగినప్పుడు అది కూడా పలుకుతుంది. రైలు పట్టాల సమీపంలో కాపురముండే వారికి దీనిని పరీక్షించే సాధనం ఉచితంగా దొరుకుతుంది. హౌరా నుండి ముంబై, చెన్నైల వైపు పోయే మార్గాలు చీలేది ఖరగ్‌పూర్ వద్దనే. సరకుబండ్లకు కొదవ లేదు. రాత్రివేళ బరువైన సరకుబండి పోతున్నప్పుడు ఏ అద్దం గిలగిలలాడుతుందో, సినిమా ఉరిమినప్పుడు కూడా మొదట అనుమానించవలసినది దానినే.

బండి కోసం ఎదురుచూడనక్కర లేదు. 20 నుండి 120 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పైకి పోయే స్వరాన్ని వినిపించే సౌకర్యం నేడు చేతిఫోనులలో దొరుకుతున్నది. దానిని తక్కువ స్థాయిలో పలికించి, ఒకరు గది అంతా తిరుగుతూ వస్తువుల మీద అరచేయి ఆనించి చూడాలి. చేయి పెట్టగానే గరగర ఆగిందా, దొంగ దొరికినట్లే. మడిచిన కాగితం ముక్కో, రబ్బరు బిళ్లో చాలును. అయితే ఇటువంటి ఏకధాటి స్వరాన్ని బిగ్గరగా పెట్టి చాలాసేపు ఉంచరాదు. సినిమాలోని ఉరుము ఒక క్షణం. ఈ స్వరం ఎడతెగనిది. తీగచుట్ట వేడెక్కి కాలిపోవచ్చును.

చేయి పెట్టినా ఆగనిది, ఒకే స్వరం దగ్గర గుంయ్‌మని నిలిచిపోయేది మరొకటున్నది. అది గరగర కాదు, గది ప్రతిధ్వనించే అనునాదం. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 43 హెర్ట్జ్ వద్ద స్థిర తరంగం ఏర్పడుతుంది. గోడల దగ్గర ఆ స్వరం ఉబ్బుతుంది, నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. ఇటుక గోడలు, సిమెంటు నేల ఉన్న మన ఇళ్లలో ఈ ఉబ్బును పీల్చుకొనే వస్తువులు తక్కువ. గది పొడవు, వెడల్పు, ఎత్తు సమానమైతే మూడు అనునాదాలూ ఒకచోట చేరి మరింత బాధిస్తాయి. పెట్టెను మూలకు నెట్టితే ఎక్కువ మ్రోగుతుందని సంతోషించేవారు ఈ సంగతి గమనించరు. దీనికొక తమాషా అయిన ఉపాయం ఉన్నది. పెట్టెను తాము కూర్చునే కుర్చీలో ఉంచి, పాట పెట్టి, గోడల వెంట మోకాళ్ల మీద ప్రాకుతూ వినాలి. ఏ చోట ధ్వని సమంగా వినబడితే పెట్టె స్థానం అదే. ఇంటిల్లిపాదీ నవ్వవచ్చును గాని, దీనికి మించిన చౌక వైద్యం లేదు.

మంద్రధ్వని కట్టడాలను ఎంత కదిలించగలదో 1974లో 'ఎర్త్‌క్వేక్' అనే అమెరికను చిత్రం విడుదలైనప్పుడు తెలిసివచ్చింది. భూకంప దృశ్యాలలో ప్రేక్షకులను కంపింపజేయడానికి 'సెన్‌సరౌండ్' అనే పేరుతో భారీ స్పీకర్లను థియేటర్లలో పెట్టారు. హాలీవుడ్‌లోని ఒక ప్రసిద్ధ థియేటరులో పైకప్పు గచ్చు పెళ్లలు రాలడంతో ప్రేక్షకుల తలల పైన వల కట్టవలసి వచ్చింది.

గది నిర్దోషి అని తేలితే అమరికను చూడాలి. పెట్టెను వరండాలోనికి మోసుకుపోయి వినడం ఇందుకు మంచి తీర్పరి. అక్కడ కూడా గరగరలాడిందా, గది మీద నింద తొలగిపోయినట్లే. సినిమా ధ్వనిముద్రణలో మంద్రధ్వనికి వేరుగా ఒక దారి కేటాయించారు. 5.1 అనే అంకెలో చివరి ఒకటి అదే. ఇది 120 హెర్ట్జ్ వరకు పలుకుతుంది, మిగిలిన వాటికంటే 10 డెసిబెల్లు ఎక్కువగా వినిపించేటట్లు దీనిని నిర్ణయించారు. ఆ పైన రిసీవరులో బేస్ పెంచి, పెట్టె వెనుక మీట కూడా పెంచితే యాంప్లిఫైయరు ఏమి కావాలి? 3 డెసిబెల్లు పెంచాలంటే రెట్టింపు వాట్లు కావాలి. 10 పెంచాలంటే పది రెట్లు. అప్పటికే 100 వాట్లు లాగుతున్న యంత్రాన్ని 1000 అడిగినట్లు. అంత శక్తి లేని యంత్రం తరంగాల శిఖరాలను కోసివేస్తుంది. చెవికి అది కరకరమనే ధ్వని.

కోత ఎక్కడ పడుతున్నదో తెలుసుకోవడం కష్టం కాదు. రిసీవరులో సబ్‌వూఫర్ స్థాయిని కొన్ని డెసిబెల్లు తగ్గించి, ఆ లోటును పెట్టె వెనుక మీటతో పూరించాలి. బిగ్గరతనం అంతే ఉండి కరకర పోతే, కోత పెట్టెలోని యాంప్లిఫైయరు కంటే ముందే పడుతున్నట్లు. చిన్న స్పీకర్లు 80 హెర్ట్జ్ వద్ద వదిలివేసేటట్లు రిసీవరులో అమర్చినప్పుడు, పెట్టె మీద ఉన్న వడపోత మీటను చివరంటా త్రిప్పి ఉంచాలి. రెండుచోట్ల వడకడితే స్వరం మసకబారుతుంది. అట్టపెట్టెల మీద పీ.ఎం.పీ.వో. పేరిట అచ్చువేసే వేల వాట్ల అంకెలను నమ్మనక్కర లేదు. యంత్రం వెనుక పట్టీ మీద అది తీసుకొనే కరెంటు ఎన్ని వాట్లో వ్రాసి ఉంటుంది. 60 వాట్లు తీసుకొనే యంత్రం నిలకడగా అంతకు మించి ఇవ్వడం సృష్టిలో సాధ్యం కాదు. సాయంకాలాలలో వోల్టేజి పడిపోయే పేటలలో పాతరకం యాంప్లిఫైయర్లు ఇంకా ముందే తడబడతాయి. మధ్యాహ్నం శుభ్రంగా, రాత్రి కరకరగా పలికితే అనుమానం అటు పోనివ్వాలి.

సినిమా ఆగినా ఆగని ఝుంకారం వేరే జాతిది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఆ స్వరమో, దాని రెట్టింపో వినిపిస్తుంది. సాధనాలన్నీ ఆర్పి, పెట్టెకు వచ్చే ధ్వని తీగను ఊడదీసి, పెట్టెను మాత్రమే మరల వెలిగించాలి. అయినా మ్రోగితే దోషం పెట్టెలోని విద్యుత్ సరఫరా భాగంలో ఉన్నట్లు; అక్కడ కెపాసిటర్లు ఎండిపోవడం సామాన్యం. విప్పడం మాత్రం మెకానిక్కు పని, ఎందుకంటే ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. తీగ ఊడదీయగానే ఝుంకారం ఆగిపోతే, ఆ తీగయో, వేరువేరు సాధనాల ఎర్తులు కలిసి ఏర్పడిన వలయమో కారణం. తరచుగా ఈ వలయానికి మూలం టెలివిజనుకు వచ్చే కేబులు. దానిని ఊడదీసి వింటే తెలిసిపోతుంది. సాధనాలన్నిటినీ ఒకే సాకెట్టు బోర్డు నుండి నడపడం, కేబులుకు విడదీత ట్రాన్స్‌ఫార్మరు అమర్చడం సరైన మార్గాలు. కొందరు ప్లగ్గులోని లావుపాటి మూడవ కాలును విరిచివేసి ఝుంకారం పోయిందని సంబరపడతారు. పోయినది ప్రాణరక్షణ. లోపల ఎక్కడైనా తీగ తెగి లోహపు పలకకు తగిలితే, తరువాత ముట్టుకొన్నవాని శరీరమే ఎర్తు అవుతుంది.

మూడు పరీక్షలూ దాటిన తరువాతనే పెట్టె వంతు. బోల్టులు వదులైనవేమో ముందు చూడాలి. ఆశ్చర్యకరంగా ఎన్నో వ్యాధులు అక్కడే కుదురుతాయి. పెట్టెకు గాలి గొట్టం ఉంటే, దాని నుండి వచ్చే ఫుస్‌ఫుస్ శబ్దం వికృతిగా తోచవచ్చును. గొట్టం గోడకు మరీ దగ్గరైనా, లోపల చెత్త చేరినా ఇది పెరుగుతుంది. ఆ గొట్టానికి నిర్ణయించిన పౌనఃపున్యం కంటే క్రింది స్వరాలలో గాలి శంఖువుకు అడ్డు నిలవదు. అది పట్టు తప్పి ఊగుతుంది. ఆ చప్పుడుకు మందు స్థాయి తగ్గించడమే.

తరువాత యంత్రాన్ని ఆపి, నాలుగు వ్రేళ్లను శంఖువు చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాలి. మెత్తగా పోయి వస్తే మంచిదే. ఇసుక రాచినట్లు చప్పుడైతే తీగచుట్ట అయస్కాంతపు సందులో రాసుకొంటున్నట్లు. దానికి కొత్త శంఖువు, కొత్త చుట్ట తప్పవు. శంఖువు చుట్టూ ఉన్న అంచును కూడా పరిశీలించాలి. నురుగు పదార్థంతో చేసిన అంచులు పదీ ఇరవై ఏళ్లలో పొడియై రాలిపోతాయి. బెంగాలు వంటి ఉక్కపోత ప్రాంతాలలో వాటికి ఆయుర్దాయం ఇంకా తక్కువ. రబ్బరు అంచులు ఎక్కువ కాలం నిలుస్తాయి. చిరిగినది అంచు మాత్రమే అయితే స్పీకరును పారవేయనక్కర లేదు. పాత అంచును, జిగురును శుభ్రంగా గీకి, సరిపడే కొత్త అంచును శంఖువు మధ్యకు వచ్చేటట్లు అతికించి, ఒక రోజు ఆరనివ్వాలి. ఆ తరువాత మరల 20 నుండి 120 హెర్ట్జ్ వరకు ఆ స్వరాన్నే తక్కువ స్థాయిలో పలికించి వినాలి. అప్పటికీ 40 దాటగానే గలగల వినిపించిందంటే, బీరువా మీద బోర్లించిన స్టీలు బిందె వైపు ఒకసారి చూడాలి.