మీకు తెలుసా? చెట్టు పేరుకూ ఓ తోక ఉంటుంది!

పార్కులో మామిడిచెట్టుకు కొట్టిన రేకు ఎప్పుడైనా దగ్గరికెళ్లి చదివారా? ‘మాంజిఫెరా ఇండికా’ అని ఉంటుంది. అక్కడితో ఆగిపోకండి! రాసినవాళ్లు శ్రద్ధగా రాసి ఉంటే చివర్లో బుల్లి ‘ఎల్.’ కూడా కనిపిస్తుంది. అచ్చుతప్పు కాదండోయ్! అది ఓ పెద్దాయన ఇంటిపేరు! స్వీడన్‌కు చెందిన లినేయస్. 1753లో మన మామిడికి ఆ పేరు పెట్టింది ఆయనే!

ఇంకో తమాషా! శాస్త్రీయ నామంలో ఉండేవి 2 మాటలు. మొదటిది వంశానిది, రెండోది ఆ మొక్క సొంతం. అంటే అచ్చం మనలాగే, ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక! మరి తోక? అది నామకరణం చేసినవారిది!

ఎర్రచందనం తోక ‘ఎల్.ఎఫ్.’ ఈ ‘ఎఫ్’ ఎవరనుకున్నారు? కొడుకు! లాటిన్‌లో కొడుకును ‘ఫిలియస్’ అంటారు. అంటే లినేయస్ గారి అబ్బాయి! తండ్రికి 1 అక్షరం, కొడుక్కి ఇంకోటి అదనం.

వేపచెట్టుదీ తండ్రీకొడుకుల కథే! ఫ్రాన్స్‌లో తండ్రి జుస్సియూ ‘జుస్.’ అనే పొట్టిపేరును అప్పటికే వాడేసుకున్నాడు. పాపం, కొడుకు అడ్రియన్ ముందు ఓ ‘ఏ’ తగిలించుకోవాల్సి వచ్చింది. వేపకు 1830లో ఇప్పటి పేరు పెట్టి, ‘ఏ.జుస్.’ అని తోక మిగిల్చింది ఈ అబ్బాయే!

ఒకరి తోక ఇంకొకరికి రాకూడదు! అందుకే ఎవరి పొట్టిపేరు ఏదో తేల్చి చెప్పడానికి లండన్‌లోని క్యూ ఉద్యానవనం 1992లో ఏకంగా ఓ పుస్తకమే వేసింది. లావుపాటి పుస్తకం, నిండా ఇంటిపేర్లే!

ఇక మన ఊరి తోక! బీడీలు చుట్టే తునికాకు చెట్టు చివర ‘రాక్స్‌బ్.’ అని ఉంటుంది. తపసి చెట్టుకూ అదే! నారేపి చెట్టుకూ అదే! ఎవరీయన? సామర్లకోటలో తోట వేసిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్! కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన గ్రంథంలో 300 రంగుల బొమ్మలున్నాయి. గీసింది మన దేశపు చిత్రకారులే!

ఇప్పుడు వంటింట్లోకి రండి. చారు తిరగమోతలో చిటపటలాడే ఆ కరివేపాకు రెబ్బ ఉందే, దాని శాస్త్రీయ నామంలో రెండో మాట ‘కోనిగీ’. అందులోనూ ఓ ఇంటిపేరు దాక్కుంది! లినేయస్ శిష్యుడు కోనిగ్‌ది. ఇంగ్లిషు స్పెల్లింగులో చివర 2 ‘ఐ’లుంటాయి. వాటి అర్థం ‘కోనిగ్ గారిది’ అని! తన పేరు తానే పెట్టుకోలేదు సుమా, గురువు పెట్టిన పేరది!

ఆ కోనిగ్ ఎక్కడ కన్నుమూశాడో తెలిస్తే గరిటె పక్కన పెట్టేస్తారు. మన కాకినాడ జగన్నాథపురంలో! 1785లో! ఆయన పేరు మోసే ఆకు ఆ ఊళ్లో ఏ పెరట్లో చూసినా ఉంటుంది.

కరివేపాకు వింత ఇంకా అయిపోలేదు! లినేయస్ దాన్ని ‘బెర్జెరా’ వంశంలో పెట్టాడు. 1825లో స్ప్రెంగెల్ అనే ఆయన ‘ముర్రయా’ వంశానికి దత్తత ఇచ్చేశాడు! వంశం మారితే మొదటివారి తోక బ్రాకెట్లోకి వెళ్తుంది, కొత్తవారిది బయట నిలబడుతుంది. అలా మహా లినేయస్సే బ్రాకెట్లో కూర్చోవాల్సి వచ్చింది! ఇప్పుడేమో చాలామంది శాస్త్రవేత్తలు దాన్ని తిరిగి పుట్టింటికే చేర్చారు. బ్రాకెట్లు మాయం!

చివరిగా నాకు భలే నచ్చిన సంగతి. మన అడవుల్లో సోమిద అనే చెట్టుంది. బెరడు జ్వరానికి మందు. రాక్స్‌బర్గ్ తెలుగువాళ్ల నోట ఆ పేరు విని పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత మన వేపచెట్టు అబ్బాయి, అదే ‘ఏ.జుస్.’, దానికో కొత్త వంశం కట్టాడు. ఆ వంశం మొత్తానికీ ఉన్నది 1 చెట్టే! దాని పేరు ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యుగా’. తోక చూడండి, బ్రాకెట్లో రాక్స్‌బర్గ్, బయట జుస్సియూ. తోకలో ఇద్దరు దొరలు, ఇంటిపేరు మాత్రం తెలుగుది!