బోరబండ మంచు, హ్యూస్టను మంచు

తెలుగు భాషలో మంచను మాట బహు బరువు మోయుచున్నది. గడ్డిపోచ కొనను నిలుచు బిందువు మంచే. బాటను కప్పు తెల్లని పొగ మంచే. హిమాలయ శిఖరములపై నుండునదియు మంచే. మనవారిలో పెక్కుమంది నిజమైన మంచువానను కన్నులార చూచి యెరుగరు గావున ఒక్క మాటతోనే పని జరిగిపోయినది. మన కావ్యములలో మంచు చేసిన గొప్ప పని మనుచరిత్రమున గలదు. అరుణాస్పదపురమందలి ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపము పూసికొని హిమాలయమునకు పోయెను. మంచు సోకి లేపము కరగిపోగా, ఇల్లు చేరు దారి లేక తపించెను. ఇల్లు విడిచి మంచును చూడబోయిన గృహస్థులలో మన కతడే మొదటివాడని చెప్పవచ్చును.

అట్టి గృహస్థుల యింటికి మేము కొంతకాలము కావలి యుంటిమి. 2025వ సంవత్సరము జనవరిలో మా మేనత్తగారును మామగారును హ్యూస్టను నగరమందున్న కుమారుని యొద్దకు పోగా, హైదరాబాదు నగరమందలి బోరబండలోని వారి యిల్లు మా వశమాయెను. తులసికి నీరు పోయుట, పాలవాడు వచ్చిన వేళ తలుపు తీయుట, పెరటి మామిడిని కనిపెట్టుట, ఇవియే మా పనులు. వేకువను మేడపై కెక్కినచో జూబిలీ కొండల వైపు ఇండ్లు కానరావు. నీళ్లతొట్టి మూతపై చేయి వేసిన చేయి తడియును; రాత్రి ఆరవేసిన పంచె మరల పిండవలసినట్లుండును. ఎనిమిది గంటలకు సూర్యుడు పైకి వచ్చి అంతయు తుడిచివేయును. ఆ స్వల్పకాలపు సొగసు కొరకు దుప్పటి వదలి లేచుట మాకు నష్టముగా తోచలేదు.

ఆ నెల 21వ తేదీని హ్యూస్టనులో నిజమైన మంచు కురిసెను. అది మెక్సికో సింధుశాఖ చెంతనున్న వెచ్చని నగరము; అచట మంచు మిక్కిలి అరుదు. అదే తుపానులో న్యూ ఆర్లియన్సు నగరమున సుమారు 8 అంగుళముల మంచు పడినది. మామగారు శాలువ కప్పుకొని దోసిట మంచు పట్టిన చిత్రము మాకు సెల్ ఫోనులో వచ్చినది. దాని వెంటనే ప్రశ్నయు వచ్చినది: “భూమి వేడెక్కుచున్నదందురు గదా, నాయనా! అట్లయిన నిచ్చట నిదేమి?” మన విద్యార్థులును తరచుగా అడుగు ప్రశ్న యిదియే యగుటచే, కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

ముందుగా మంచు భేదములు తెలియవలెను. రాత్రి ఆకాశము నిర్మలముగా నుండి గాలి నిలిచినపుడు నేల తన వేడిమిని పైకి విడిచి చల్లబడును. నేలను తాకు గాలియు చల్లబడును. చల్లని గాలి వెచ్చని గాలి యంత ఆవిరిని మోయజాలదు. మిగిలిన ఆవిరి ఆకులపై నీటిబొట్లగును. గాలిలోనే సన్నని బిందువులై తేలినచో పొగమంచు. ఆకు 0 డిగ్రీలకంటె చల్లబడినచో, ఆవిరి నీరు కాకయే తెల్లని పలుకులై అంటుకొనును. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలమందలి లంబసింగిలో కొన్ని చలికాలములందు గడ్డిపై కనబడు తెలుపు ఇట్టిదే. ఆ యూరు సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. దానికి కొర్రబయలని మరియొక పేరు. ఆరుబయట పడుకొన్నవాడు తెల్లవారుసరికి కొయ్యవలె బిగిసిపోవునని దాని కర్థము చెప్పుదురు. అచట మంచు కురిసినదని యాత్రికులు చెప్పుకొందురు గాని, అది కురిసినది కాదు, పేరినది. కురియు మంచు మేఘమునందే పుట్టును. ఆవిరి ఆరు కోణముల పలుకులై, ఒకదానితో నొకటి చిక్కుకొని, దారిలో కరగక నేలకు దిగవలెను. వడగండ్లు వేరు, ఉరుము మేఘములలో నీటిబిందువులు మీదికెగసి, పొరపొరలుగా గడ్డకట్టగా అవి యేర్పడును. 2023 మార్చి 16న వికారాబాదు జిల్లా మర్పల్లిలో వడగండ్లు పడి నేల తెల్లబడినపుడు, చిత్రములు చూచినవారికది కాశ్మీరము, రైతునకు పంటనష్టము.

బోరబండకు సమీపమున ఫిలింనగరు గలదు గావున మరియొక జాతి మంచును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. సినిమావారు దూదితోను, ఉప్పుతోను, కాగితపు తునుకలతోను, నురుగుతోను మంచు చేయుదురు. 1939లో వెలువడిన ‘విజర్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రమున నటులపై కురిపించినది రాతినార. ఊపిరితిత్తులకు విషమని నేడందరెరిగిన వస్తువు! హాలీవుడ్డులో తెల్లరంగు పూసిన మొక్కజొన్న అటుకులను గూడ వాడుచుండిరి. అడుగడుగునకు అవి కరకరలాడుటచే సంభాషణములను పిదప వేరుగా పలికింపవలసి వచ్చెడిది.

ఇక మామగారి ప్రశ్న. ఒక యూరి ఒకనాటి చలి వేరు. భూమి యంతటి అనేక సంవత్సరముల సగటు వేరు. ఉత్తరధ్రువపు చల్లగాలి అప్పుడప్పుడు దక్షిణమునకు జారుట పూర్వమును గలదు, ఇకముందును గలదు. హ్యూస్టనులో మంచు పడిన ఆ జనవరియే, ఐరోపావారి కోపర్నికస్ సంస్థ లెక్కల చొప్పున, అంతవరకు భూమిపై కొలిచిన జనవరులన్నిటిలో వేడియైనది. యంత్రయుగమునకు పూర్వపు సగటుకంటె 1.75 డిగ్రీలు హెచ్చు. తరగతిలో ఒకనికి సున్న వచ్చినంత మాత్రమున తరగతికంతకు మార్కులు తగ్గెననరాదు గదా! ఈ హెచ్చునకు ముఖ్యకారణము బొగ్గును, నూనెను కాల్చగా పెరిగిన బొగ్గుపులుసు గాలి. 1958లో హవాయి ద్వీపమందలి మౌనాలోవా కొండపై కొలుచుట కారంభించినపుడు పదిలక్షల పాళ్ల గాలిలో అది సుమారు 315 పాళ్లుండెను. నేడు 420 దాటినది. పగటి వెలుతురును అది రానిచ్చును. నేల విడుచు వేడిమిని మాత్రము తేలికగా పోనీయదు. మామగారిని ఆ మంచు చెంతకు చేర్చిన విమానమును ఈ గాలిని విడువకయే పోలేదు. ఆ మాట మేము వారికి వ్రాయలేదు.

కాబట్టి నష్టము రాత్రులకును గలదు. హైదరాబాదు బేగంపేటలో 1946 జనవరి 8న ఉష్ణము 6.1 డిగ్రీలకు దిగెను. నగరమున కొలిచిన చలులలో అదియే మిక్కిలి హెచ్చు. ఇప్పటి బోరబండలో పేరున బండ మిగిలినది గాని, ఇండ్లును సిమెంటు బాటలును దానిని కప్పివేసినవి. అవి పగలు త్రాగిన యెండను రాత్రి మెల్లమెల్లగా కక్కుచుండును. పైగా మేము మేడపైనుండి చూచి మురిసిన తెలుపంతయు మంచు కాదు. చలికాలపు రాత్రి నేలదగ్గర చల్లని గాలి, దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచుటచే, బండ్ల పొగయు కర్మాగారముల పొగయు క్రిందనే చిక్కుకొనును. ముక్కు ఘాటెక్కినచో అది నీహారము కాదని గ్రహింపవచ్చును.

దూరపు మంచు పోయిన మనకేమని కొందరందురు. మన గోదావరియు కృష్ణయు వాననీటి నదులే. గంగవలె మంచుకొండల కరుగుపై ఆధారపడినవి కావు. నిజమే. కాని మంచు తనపై బడిన యెండలో అధికభాగమును మరల ఆకాశమునకే పంపివేయును. మంచు తొలగిన నేల ఆ యెండనెల్ల త్రాగి మరింత వేడెక్కును. 1884లోనే, భారత వాతావరణశాఖకు మొదటి అధికారియైన బ్లాన్‌ఫర్డు దొర, హిమాలయమందలి మంచునకును మన దేశపు నైరృతి వానలకును సంబంధము గలదని వ్రాసెను. మంచు మిక్కుటమైన యేట వాన తగ్గునని ఆయన కనిపెట్టినది. పిదప ఆ లెక్క అంత సూటిది కాదని తేలినను, అచ్చటి తెలుపునకును ఇచ్చటి చెరువునకును పొత్తు గలదన్న మాట నిలిచినది.

పొలములలో ఈ సంగతి మరింత దగ్గరగా కనబడును. మామిడికి పూత రావలెనన్న చల్లని రాత్రులు కావలెను. నల్లరేగడిలో శనగను రైతులు మంచునకు పండు పంట యందురు. వాన లేకున్నను నేలలోని పదునుతో, చలితో అది పెరుగును; పూతవేళ యెండ ముదిరినచో కాయలు తగ్గును. శనగ ఆకులపైని నూగు పుల్లని రసమును స్రవించును. రాత్రి పలుచని వస్త్రమును చేనిపై పరచి, మంచుతో కలిసి తడిసిన దానిని వేకువను పిండి, ఆ పులుపును తీయుట పూర్వపు పద్ధతి. వైద్యులు దానిని చణకామ్లమందురు. మంచు పడని రాత్రి ఆ వస్త్రము పొడిగానే యుండును.