పొట్లం మీది రాతలు

సరుకు కొనడానికి చదువు కావాలని మన వెనకటివాళ్ళు ఎరగరు. విజయనగరం గంటస్తంభం దగ్గర షావుకారు కొట్టు ముందు నిలబడి, నాలుగు కందిపప్పు బద్దలు అరచేతిలో వేసుకుని, ఒకటి పంటికింద నొక్కి, "ఇది నిరుటి పప్పులా ఉందే!" అని బేరం మొదలుపెట్టేవారు. బెల్లం గిల్లి చూసేవారు. నూనె వాసన చూసేవారు. ఇప్పుడు పప్పుకూ మనకూ మధ్య ఒక ప్లాస్టిక్ పొర అడ్డం వచ్చింది. కన్నూ, ముక్కూ, నాలుకా చేసే పని యావత్తూ ఆ పొర మీది అచ్చుకు అప్పగించేశాము. ఆ అచ్చు ఏమంటున్నదో కాస్త విచారించవద్దూ?

మొదటి చిక్కు భాషతోనే. చట్టప్రకారం పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. వేరొక భాష కూడా వేసుకోవచ్చు, కాని వేసి తీరాలన్న నిర్బంధం లేదు. అందుచేత కొన్ని కంపెనీలవారు ముందువైపు సరుకు పేరు లావుపాటి తెలుగు అక్షరాల్లో వేసి, లోపల ఏముందో మాత్రం వెనకవైపు చీమ తలకాయలంత ఇంగ్లీషులో సర్దుతారు. మా అత్తగారు భాగవతం తిరగేసి చదవగలరు గాని, బిస్కెట్టు పొట్లం తిరగేస్తే మాత్రం నాకేసి చూస్తారు. వండేది ఆవిడ, తినేది ఆవిడ, చదవవలసింది నేను!

ఆవిడది శాకాహార నియమం. ఆకుపచ్చ చుక్క ఉంటేనే పొట్లం ఇంట్లోకి రావాలి. 2001 నుంచి ఆ చుక్క మనకు పరిచయం. మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేది. 2020 నాటి నిబంధనలలో దానిని త్రికోణం చేశారు, రంగులు పోల్చుకోలేనివారికి కూడా తెలిసేటట్టు. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఒకనాడు ఆవిడ, "ఈ 471 ఏమిటి నాయనా?" అన్నారు. అది నీటినీ కొవ్వునీ కలిపి ఉంచే పదార్థం. చెట్టు నూనెనుంచీ చేయవచ్చు, జంతువు కొవ్వునుంచీ చేయవచ్చు. అంకె మాత్రం రెండింటికీ ఒకటే. పచ్చచుక్క ఉన్నది గనుక చెట్టుదే అయి ఉండాలన్నాను. "అయితే ఆ మాట రాయడానికి వాడికేం నొప్పి?" అన్నారావిడ. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కూడా దాదాపు ఇదే అన్నది: పదార్థం పేరు, అంకె చెబితే చాలదు, అది మొక్కదో, జంతువుదో, ప్రయోగశాలలో చేసినదో చెప్పాలి అని. పైగా మన నిబంధనలలో పాలు, తేనె, మైనం, లక్క మాంసాహారం కిందికి రావు. మిఠాయి బిళ్ళలకు మెరుగు పెట్టే లక్క పురుగు విసర్జించేదని ఆవిడకు నేనింకా చెప్పలేదు. చెబితే ఇంట్లో పిల్లల మిఠాయి ఆగిపోతుంది.

పదార్థాల జాబితాలో ఒక రహస్యముంది, గృహిణులు గుర్తు పెట్టుకోదగ్గది. బరువులో ఏది ఎక్కువో అది ముందు రాయాలి. మొన్న చోడి బిస్కెట్లని ఒక పొట్లం తెచ్చారు మావాళ్ళు. పైన చోడి వెన్నుల బొమ్మ నోరూరిస్తున్నది. వెనక చూస్తే మొదట మైదా, తరువాత చక్కెర, తరువాత నూనె. చోడిపిండి నాలుగోది, పదింట ఒక పాలు కూడా లేదు. బొమ్మ వేసి ఊరించిన పదార్థం నూటికి ఎంతో రాయాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ మాత్రమైనా తెలిసింది. ఇంతకంటె తమాషా మరొకటి. వ్యాపారనామంలో 'స్వచ్ఛ', 'సహజ' వంటి మాటలుండి కొనేవాణ్ణి భ్రమపెట్టేటట్టయితే, ఇది కేవలం పేరేగాని సరుకు గుణం కాదు సుమా అని కింద అచ్చు వేయాలన్నది 2018 నాటి నియమం. ఆ అచ్చు మూడు మిల్లీమీటర్లుంటే చాలు. పేరు మాత్రం బెత్తెడు ఉండవచ్చు.

ఇక సేంద్రియం సంగతి. 2017 నిబంధనలలో, ధ్రువపత్రం పొందిన సరుకుకే 'జైవిక్ భారత్' ముద్ర అన్నారు. ఏడాది పంటలకైతే సుమారు రెండేళ్ళు, తోటలకైతే మూడేళ్ళు ఎరువులూ మందులూ మానిన తరువాతగాని నేలను సేంద్రియమని ఒప్పుకోరు. మంచిదే. కాని తనిఖీలకూ, కాగితాలకూ ఖర్చూ తీరికా కావాలి. సీతంపేట కొండలలో సవరలు, జాతాపులు పండించే చోళ్ళూ, కందులూ, పసుపూ, అనాసలూ సంతకు బుట్టలలో దిగుతాయి. ఒకామెను, మందులేమైనా కొట్టారా అని అడిగాను. "మందు నేదు, గిందు నేదు బాబూ! కొండ మీదికి మందు మోసీదెవులు?" అని నవ్వింది. ఏటా పన్నెండు లక్షల లోపు అమ్మకాలుండి, తిన్నగా తినేవాడికే అమ్ముకునే చిన్నరైతుకు ధ్రువపత్రం అక్కరలేదని చట్టం సెలవిచ్చింది. అయితే ఆ ముద్ర వేసుకోవడానికీ వీలులేదు. అంచేత పట్నంలో ముద్ర ఉన్న చోడిపిండి మంచి ధర పలుకుతుంటే, ముద్రలేని ఆమె చోళ్ళు సాయంకాలానికి అడిగిన ధరకు పోతాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తన పేరుతో అమ్మే తేనె, చింతపండు కొనేటప్పుడైనా అవి కొండవాళ్ళు సేకరించినవని తెలుస్తుంది. మిగతా వాటికి ఆ ఆధారమూ లేదు.

పలాస జీడిపప్పు చూడండి. పొట్లం మీద 'డబ్ల్యు 320' అని ఉంటుంది. అంటే పౌనుకు 300 నుంచి 320 వరకు తూగే తెల్లని గుండుపప్పు. ఎంత ఖచ్చితమైన లెక్క! ఆ గింజ ఉద్దానం తోటలదో, ఆఫ్రికానుంచి ఓడలో వచ్చిందో ఆ లెక్క చెప్పదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరీ, జీడిమామిడీ నేలకొరిగాయి. తిరిగి నాటుకున్న రైతుకు నాలుగు డబ్బులు చేరాలనుకుని కొనేవాడికి ఈ సంగతి ముఖ్యం. జీడిగింజ పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. ఒలిచిన ఆడవాళ్ళకు చేతి తొడుగులిచ్చారా, కూలి ఎంత ముట్టింది అన్నదానికి పొట్లం మీద గడే లేదు. కొట్టువాణ్ణి అడిగాను. "పప్పు తాజాదండి బాబూ, తీసుకెళ్ళండి" అన్నాడు. పాపం, అతనికి మాత్రం ఎవరు చెప్పారు!

మా ఇంట్లో ఇప్పుడు కొత్త ఏర్పాటు జరిగింది. పొట్లం విప్పి డబ్బాలో పోయగానే, అందులో ఏముందో నేను తెలుగులో చీటీ రాసి అంటించాలి. అత్తగారు చెప్పినట్టే వరుసలు గీశాను: ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిలోగా వాడాలి, చేసినవారెవరు. మొదటిదీ మూడోదీ నిండుతున్నాయి. రెండోది ఒకప్పుడు నిండుతుంది.