ఇంజనుకు ఊపిరి – ఫిల్టరు మార్చిన పిమ్మట కలుగు చిక్కులు

ప్రాణికి ఊపిరి యెట్టిదో మోటారు ఇంజనుకు గాలి యట్టిది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. అనగా లీటరు పెట్రోలునకు దాదాపు 9,000 లీటర్ల గాలిని ఇంజను పీల్చుచున్నది. ఇంత గాలి ఏ మార్గమున వచ్చుచున్నది, ఎంత శుభ్రముగా వచ్చుచున్నది అను విషయము బండి గల ప్రతి కుటుంబమునకును తెలియదగినది.

మన విద్యార్థుల తండ్రులలో అద్దె కార్లు నడుపువారును, మామిడికాయలను మండీకి చేర్చు చిన్న బండ్లు గలవారును కలరు. చదువు ముగించి హోసూరు కర్మాగారములలో కుదిరిన యువకులు వాయిదాలపై పాత కారు కొనుటయు కలదు. అట్టివారిలో కొందరు కంపెనీవారు అమర్చిన గాలిపెట్టెను తీసివేసి, అంగడిలో దొరకు శంఖాకారపు ఫిల్టరును బిగించుచున్నారు. బిగించిన నాడు ఇంజను గర్జన పెరుగును. గర్జన పెరిగినందున బలము కూడ పెరిగినట్లు తోచును. కాని కొన్ని దినములలోనే బండి నిలిచియున్నప్పుడు ఇంజను వణకుట, ఎత్తు ఎక్కునప్పుడు లాగకపోవుట, మైలేజీ తగ్గుట, ఎదుట ఇంజను దీపము వెలుగుట మొదలైన చిక్కులు కనబడవచ్చును. అప్పుడు షెడ్డుకు పోయి ప్లగ్గులు మార్చి, పెట్రోలు పంపు మార్చి, వేలకొలది రూపాయలు వ్యయము చేయుటకంటె ముందు కారణమును క్రమముగా వెదకుట మేలు.

మొదట పాత గాలిపెట్టె చేయు పని గ్రహింపవలెను. అది ఇంజను వేడి తగులని చోటునుండి, సాధారణముగా బండి ముందు భాగమునుండి, చల్లని గాలిని తెచ్చును. చల్లని గాలి చిక్కనిది, వేడి గాలి పలుచనిది. గాలి వేడిమి 30 డిగ్రీలు పెరిగినచో అదే పరిమాణములో ప్రాణవాయువు సుమారు నూటికి 9 పాళ్లు తగ్గును. బానెటు క్రింద తెరచియుంచిన ఫిల్టరు ఇంజను ప్రక్కనున్న వేడి గాలినే పీల్చును. ఎండలో, వాహనముల రద్దీలో బండి మందగించుటకు ఇది యొక ముఖ్య కారణము. చల్లని వేళ ఖాళీ రోడ్డుపై బాగుగా నడచి, ఎండలో మాత్రము మందగించినచో ముందుగా దీనినే అనుమానింపవలెను.

రెండవది కొలత. నేటి బండ్లలో పెట్రోలు ఎంత చిమ్మవలెనో కంప్యూటరు నిర్ణయించును. కొన్ని బండ్లలో గాలిగొట్టమునందలి ఎమ్.ఎ.ఎఫ్. సెన్సరు లోనికి పోవు గాలిని కొలుచును. ఆ సెన్సరు కంపెనీ గొట్టము వ్యాసమునకు సరిపడునట్లు నిర్ణయింపబడినది. అంతకంటె వెడల్పైన గొట్టము వేసినచో సెన్సరు అసలుకంటె తక్కువ గాలి వచ్చినట్లు చెప్పును, కంప్యూటరు తక్కువ పెట్రోలు చిమ్మును. మన దేశపు చిన్న కార్లు పెక్కింటిలో దీనికి బదులు మ్యాప్ సెన్సరు ఉండును. అది లోపలి గాలి ఒత్తిడిని చూచి లెక్క కట్టును గనుక, గొట్టము వ్యాసము వలన దాని లెక్క అంతగా చెడదు. మీ బండిలో ఉన్నది ఏ సెన్సరో తెలిసికొనుటతో సగము చిక్కు విడిపోవును.

ఇక పరీక్షాక్రమము. ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, క్రొత్త గొట్టము అతుకులన్నియు చేతితో కదలించి చూడవలెను. క్లిప్పు వదులైనచో బిగింపవలెను. రబ్బరు గొట్టమునకు నెర్రెలున్నవేమో చూడవలెను. ఇంజను పైమూతనుండి పాత గాలిపెట్టెకు వచ్చుచుండిన సన్నని గొట్టమును ఊరక వదలినారేమో పరికింపవలెను. తరువాత సెన్సరు తీగె సరిగా గ్రుచ్చబడినదో లేదో చూడవలెను. నూనె పూయు జాతి ఫిల్టరైనచో అధికమైన నూనె ఎమ్.ఎ.ఎఫ్. సెన్సరులోని సన్నని తీగెపై చేరవచ్చును. దానిని అందులకై అమ్ము ప్రత్యేకమైన స్ప్రేతో మాత్రమే శుభ్రపరుపవలెను, గుడ్డతో తుడువరాదు. ఇంజను దీపము వెలిగినచో మెకానిక్కుచేత స్కానరు పెట్టించి సంకేతము వ్రాసికొనుడు. పి0171 అనగా గాలికి తగిన పెట్రోలు చాలుట లేదని అర్థము, పి0172 అనగా పెట్రోలు మితిమీరినదని అర్థము. పి0101 ఎమ్.ఎ.ఎఫ్. సెన్సరు కొలతలో తేడాను తెలుపును.

ఇన్ని చేసినను కారణము దొరకనిచో పాత గాలిపెట్టెను మరల బిగించి, అదే రోడ్డుపై, అదే వేళ, అంతే బరువుతో నడిపి చూడవలెను. చిక్కు తీరినచో దోషము క్రొత్త అమరికది. తీరనిచో దోషము వేరొక చోట నున్నది. అందుచేత పాత పెట్టెను ఎన్నడును పాత ఇనుప సామానులవానికి అమ్మివేయరాదు.

పరీక్షించు రోడ్డు విషయమున మన ప్రాంతమువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. కృష్ణగిరి దానికంటె దాదాపు 400 మీటర్లు దిగువ. ఇంత ఎత్తు ఎక్కునప్పటికి గాలి ఒత్తిడి నూటికి నాలుగు పాళ్లకు పైగా తగ్గును. కృష్ణగిరిలో ఫిల్టరు మార్చి, శూలగిరి మీదుగా హోసూరునకు పోయి, బండి లాగుట లేదని ఫిల్టరును నిందించుట న్యాయము కాదు. ఎక్కుడును పలుచని గాలియు బండిపై చూపు ప్రభావము అందులో కలిసియుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది దుమ్ము. మనది నల్లరాతి క్వారీల జిల్లా. రాతిపొడి నిండిన లారీలు తిరుగు రోడ్లపై మన బండ్లు నడచుచున్నవి. గ్రానైటు రాతిలోని క్వార్ట్జ్ ఇంజను సిలిండరు గోడల ఇనుముకంటె గట్టిది. వడపోత చాలని ఫిల్టరు గుండ, లేదా సరిగా బిగియని అతుకు గుండ ఆ పొడి లోనికి పోయినచో రింగులను, సిలిండరు గోడలను అరగదీయును. పిదప ఇంజను ఆయిలు తగ్గుట, నీలపు పొగ వచ్చుట, తుదకు ఇంజను విప్పవలసి వచ్చుట సంభవించును. వాయిదాలు తీరకమునుపే ఇంజను పని పడినచో ఆ కుటుంబపు ఇబ్బంది వేరుగ చెప్పనక్కరలేదు. క్రొత్త గొట్టము లోపలి భాగమును తెల్లని గుడ్డతో తుడిచి చూడుడు. గుడ్డకు మన్ను అంటినచో ఆ ఫిల్టరును ఆ దినముననే తీసివేయుట మంచిది.

ఇంతకును లాభమెంత? అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, కంప్యూటరు గల పెట్రోలు కార్లలో ఫిల్టరు మూసికొనిపోయినను పెట్రోలు ఖర్చులో చెప్పుకోదగిన భేదము కలుగలేదు, వేగము పుంజుకొనుట మాత్రము మందగించినది. కావున మైలేజీ కొరకు ఖరీదైన ఫిల్టరు కొనుటకు తగిన ఆధారము లేదు. కంపెనీ చెప్పిన గడువునకు, దుమ్ము రోడ్లపై తిరుగువారు ఇంకను ముందుగా, కాగితపు ఫిల్టరును మార్చుటయే చవుకైన మార్గము. హామీ కాలములో నున్న బండికైనచో ఏ మార్పు చేయుటకు ముందైనను హామీ పత్రమును చదువవలెను.

మన పోచంపల్లి చెంతనే విద్యుత్ స్కూటర్లు చేయు కర్మాగారము 2021లో ఉత్పత్తి ఆరంభించినది. ఆ బండ్ల మోటారుకు మండుటకై గాలి అక్కరలేదు. కాని ఏ యంత్రము వచ్చినను వెదకు పద్ధతి మాత్రము ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను, దాని ఫలితమును వ్రాసి యుంచుకొనవలెను, పిమ్మటనే రెండవదానికి పోవలెను. వేడి గాలి పలుచనగుననియు, ఎత్తునకు పోయిన కొలది గాలి ఒత్తిడి తగ్గుననియు మీ బిడ్డలు బడిలో తెలుగుననే చదువుచున్నారు. మీరు బానెటు ఎత్తినప్పుడు వారిని ప్రక్కన నిలుపుకొని కారణము అడుగుడు. వారి చదువు మీ బండికి అక్కరకు వచ్చును, మీ బండి వారి చదువునకు తోడ్పడును.