బెంగ రక్తంలో ఉంటదా?

మా అల్లవరం వైపు సంబంధం చూసేటప్పుడు పొలం, ఉద్యోగం అయ్యాక మూడో ఆరా ఒకటుంటదండి: "ఆళ్ళ వంశంలో నరాల బలహీనత ఏమన్నా ఉందా?" పిల్ల కాస్త కంగారు మనిషైతే చాలు, "తల్లి పోలికే, రక్తంలోనే ఉంది" అని తేల్చేస్తారు. సంబంధం పోతే పోయింది, ఆ పిల్ల కూడా అదే నమ్మేసి డాక్టరు దగ్గరకెళ్ళదు. నా బాధ అదీ.

రక్తంలో ఉందన్నది పూర్తి అబద్ధం కాదు. చిన్నదానికే బెంగపడిపోయే స్వభావాన్ని మానసిక శాస్త్రంలో న్యూరాటిసిజం అంటారు. జబ్బు కాదండి, ఎత్తు లాగా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. కవలల మీద చేసిన పరిశోధనల్లో, ఈ గుణంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో సుమారు 40 శాతం జన్యువుల తేడా వల్లేనని తేలింది. అంటే మీ బెంగలో నలభై పాళ్ళు అమ్మానాన్నలిచ్చారని అర్థం చేసుకోకండి. అది జనం మొత్తం మీద వేసిన లెక్క, ఒక్క మనిషికి కట్టేది కాదు.

కొబ్బరితో చెప్తే తొందరగా ఎక్కుద్ది. అంబాజీపేట వాళ్ళ గోదావరి గంగ మొక్కలు రెండు తెచ్చి, ఒకటి కాలవ గట్టున, ఒకటి ఉప్పునీటి రొయ్యల చెరువు పక్కన వెయ్యండి. రకం ఒకటే, కాపు వేరు. అలాగని రకానికి విలువ లేదా? పొట్టి గంగాబొండాన్ని ఎంత మేపినా నాటు చెట్టంత ఎదగదు. 1996 నవంబరు తుపాను చూసిన మా పెద్దాళ్ళు మబ్బు నల్లబడితే ఇప్పటికీ నిద్రపోరు. దాన్ని ఏ జన్యువు ఖాతాలో వేస్తాం?

ఆ 1996లోనే ఒక పరిశోధన, మెదడులో సెరోటోనిన్‌ని సర్దే జన్యువుకీ కంగారుకీ ముడి ఉందంది. తర్వాత ఎక్కువమందిని చూసేసరికి ఆ ముడి నిలబళ్ళేదు. 2018లో సుమారు నాలుగున్నర లక్షల మందిని పరిశీలిస్తే డీఎన్ఏలో 136 చోట్ల బెంగతో సంబంధమున్న తేడాలు దొరికాయి. ఒక్కోదాని బలం ఆవగింజంత. పైగా వాళ్ళంతా యూరప్ మూలాలవాళ్ళే, ఆ లెక్కతో కోనసీమ పిల్లని తూచలేం.

ఒక్క జన్యువే తేల్చేసే సంగతి కావాలంటే మన తెలుగోళ్ళలోనే ఉంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషనప్పుడు కండరాలు సడలించే ఒక మందు ఇస్తే, నిమిషాల్లో దిగాల్సింది గంటలు పట్టుద్ది. ఆ మందుని విరగ్గొట్టే ఎంజైము జన్యువులో మార్పే కారణం. తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళవడంతో అది నిలిచిపోయింది. అక్కడ వంశం సంగతి డాక్టరుకి చెప్పి తీరాల్సిందే. బెంగకి అలాంటి పరీక్ష లేదు.

నిద్రా తిండీ పాడయ్యేంత బెంగుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చెయ్యండి. డబ్బులడగరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.