చిక్కుడు గింజ ఎప్పుడు పెట్టాలి?

మా ఊరు గురజాల దగ్గర. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా దొడ్లో చిక్కుడు పందిరి ఉంది. కాయ అంచున సన్నగా ఊదారంగు గీత ఉండే రకం. దానికి పేరేంటో ఎవరికీ తెలీదు, ఇంట్లో అందరం "మన చిక్కుడు" అంటాం. మా నాయనమ్మ ఆ గింజల్ని ఒక గాజు సీసాలో బూడిద కలిపి దాస్తుంది. ఒకప్పుడు బజారంతా ఆమె దగ్గరే విత్తనం తీసుకెళ్లేవాళ్లంట. ఇప్పుడు అందరూ ప్యాకెట్లు కొనుక్కుంటున్నారు. అంటే ఆ రకం మిగిలింది ఆ సీసాలోనే.

రెండేళ్ల కింద నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఒక ఏడాది పందిరి వెయ్యలేదు. ఆ తర్వాత ఫిబ్రవరిలో నేను సెలవులకి వెళ్లి చూస్తే సీసాలో 31 గింజలున్నాయి. సరే, ఈసారి నేనే పెడదామనుకున్నా. ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో ఇంగ్లండ్ ఆయన ఒకాయన, చలి పోయి వసంతం రాగానే తీగ బీన్స్ గింజలు పెట్టమని చక్కగా చెప్పాడు. మనకీ చలి పోయింది కదా అని 20 గింజలు తీసి పెట్టేశాను.

నాయనమ్మ అరుగు మీద నుంచి చూసి, "ఇప్పుడెందుకురా నానా? ఆకే వస్తుంది. ఆరుద్రలో పెట్టాలి" అంది.

"గింజకి క్యాలెండర్ ఏం తెలుసు నాయనమ్మా!" అని నవ్వాను.

20లో 14 మొలిచాయి. ఏప్రిల్ కల్లా తీగలు గోడెక్కాయి, ఆకులు అరచేయంత అయ్యాయి. పువ్వు మాత్రం ఒక్కటి కూడా లేదు. మే వచ్చింది. ఎండాకాలం వార్తల్లో వినపడే రెంటచింతల మాకు పక్కనే, ఇక మీరే ఊహించుకోండి. బోరు నీళ్లు ఇంట్లోకే సరిపోలేదు. రోహిణి కార్తెలో తీగలన్నీ ఎండిపోయాయి. సీసాలో మిగిలింది 11 గింజలు. నాయనమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు కూర్చుని చదివాను. నేను చదివింది మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నా.

మొదటి తప్పు: రెండూ ఒకే మొక్క అనుకోవడం. ఆ వీడియోలోది రన్నర్ బీన్. అది మధ్య అమెరికా కొండ ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క, చల్లదనం కావాలి, ఎండ ముదిరితే పిందె నిలవదు. మంచు కురిస్తే చచ్చిపోతుంది కాబట్టి ఇంగ్లండులో మే వరకు ఆగి బయట పెడతారు. అక్కడి లెక్క మంచుది. మన పందిరి చిక్కుడు వేరే జాతి, శాస్త్రీయ నామం లాబ్లాబ్. పల్నాడులో మంచు భయమే లేదు. మరి మన చిక్కుడు దేని కోసం ఆగుతుంది?

రాత్రి కోసం. రాత్రి పొడుగైతేనే అది పూతకొస్తుంది.

1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. వాళ్లు సోయా చిక్కుడును కొన్ని రోజుల తేడాతో విడతలు విడతలుగా విత్తారు. ముందు పెట్టినవీ, వెనక పెట్టినవీ దాదాపు ఒకేసారి పూశాయి. అంటే మొక్క తన వయసు లెక్కపెట్టుకోవట్లేదు, పగలు ఎంతసేపుందో చూసుకుంటోంది. అసలు లెక్క పగటిది కాదు, చీకటిదని తర్వాత 1938లో హామ్నర్, బానర్ వేరే మొక్క మీద చూపించారు. రాత్రి మధ్యలో కాసేపు వెలుతురు పడితే చాలు, లెక్క చెడిపోతుంది.

ఈ లెక్క చేసేది ఆకు. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురులో అది ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా మళ్లీ వెనక్కి వస్తుంది. చీకటి సరిపడా సాగిందని తేలితే, ఇక పూత మొదలుపెట్టమని ఆకు నుంచి కొమ్మ చివరికి కబురు వెళ్తుంది. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే ఇదొక ఇఫ్ కండిషన్. కండిషన్ నిజమయ్యేదాకా ఆకులు వేసే లూప్ నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు దీన్ని మన ఊళ్లకి వేసి చూద్దాం. గురజాల, మాచర్ల, నరసరావుపేట అన్నీ 16 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్నాయి. ఇక్కడ జూన్ 21న పగలు సుమారు 13 గంటల 5 నిమిషాలు. డిసెంబర్ 21న సుమారు 11 గంటల 10 నిమిషాలు. ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలు కూడా లేదు. మనకి పెద్దగా తెలియని ఆ తేడాని చిక్కుడాకు పట్టేస్తుంది.

ఫిబ్రవరిలో పెట్టారనుకోండి, మొక్క ఎదిగేసరికి పగళ్లు పెరుగుతుంటాయి. ఇక ఆకులే. నా తీగల్ని ఎలాగోలా నీళ్లు పోసి బతికించుంటే, అవి కూడా చలికాలానికే పూసేవి. అన్ని నెలలు, అన్ని బిందెల నీళ్లు వృథా. పోనీ నవంబర్లో పెడితే? రాత్రులు అప్పటికే పొడుగు. మొక్క మోకాలెత్తు ఉండగానే పూతకొస్తుంది, నాలుగు కాయలిచ్చి ఊరుకుంటుంది.

అందుకే జూన్ చివర నుంచి ఆగస్టు మొదటి వారం లోపు పెట్టాలి. అంటే ఆరుద్ర (జూన్ 22 ప్రాంతం), పునర్వసు, పుష్యమి కార్తెలు. వానలతో తీగ పందిరంతా అల్లుకోవడానికి మూడు నెలలు దొరుకుతాయి. సెప్టెంబర్ 23 దాటాక పగటి కంటే రాత్రి పెద్దదవుతూ పోతుంది, తీగ పూతకి తిరుగుతుంది. సంక్రాంతికి పందిరి నిండా కాయ. రథసప్తమి నాడు చిక్కుడు కాయలకి పుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం కదా. ఆ పండక్కి కాయ చేతికి రావాలంటే గింజ ఆరుద్రలోనే పడాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కూరగాయల కొట్లో అన్నీ "చిక్కుడే" అయినా గోరుచిక్కుడు వేరే మొక్క, దాన్ని ఎండాకాలం పంటగా కూడా వేస్తారు. అలాగే పందిరి అక్కర్లేని పొట్టి చిక్కుడు రకాలున్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. వాటికి ఈ రాత్రి లెక్క లేదు. ప్యాకెట్ కొనేవాళ్లు ఏ రకమో అడిగి కొనండి. ఇంట్లో పాత తీగ విత్తనమైతే కార్తె చూడాల్సిందే.

పెట్టే పద్ధతి నాయనమ్మ చెప్పిందే రాస్తున్నా. మాది నల్లరేగడి, నీళ్లు నిలిస్తే గింజ కుళ్లిపోతుంది. అందుకని అడుగున్నర గుంట తీసి, బాగా మాగిన పశువుల ఎరువు మట్టిలో కలిపి, నేల కంటే కొంచెం ఎత్తుగా పూడ్చాలి. గుంటకి మూడు గింజలు, అంగుళం లోతున. మొలిచాక బలమైన వాటిని ఉంచాలి. యూరియా ఎక్కువ వేస్తే మళ్లీ ఆకే. చిక్కుడు వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియానే గాల్లోంచి నత్రజని పట్టిస్తుంది. పూత మీద నల్లగా పేనుబంక పడితే నీళ్లు గట్టిగా చిమ్మి కడగాలి, తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టాలి.

మిగిలిన 11 గింజలూ ఆ ఏడాది ఆరుద్రలో నాయనమ్మే పెట్టించింది. ఆమె మంచం మీద కూర్చుని చెప్పింది, నేను తవ్వాను. తొమ్మిది మొలిచాయి. నవంబర్లో నాన్న ఫొటో పంపించారు, ఊదా పూలు. ఒక వింత కూడా కనిపించింది. వీధి దీపం వెలుగు పడే గోడ వైపు తీగ మిగతా పందిరి కన్నా బాగా ఆలస్యంగా పూసింది. ఒక్క పందిరి చూసి సూత్రం చెప్పకూడదు, నిజమే. కానీ చదివినదాని ప్రకారం అలాగే జరగాలి. మీ పందిరి దగ్గర దీపం ఉంటే మీరూ చూడండి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఈ కథంతా నాయనమ్మకి చెప్పాను. ఫైటోక్రోమ్ దాకా ఓపిగ్గా విని, "అయితే దానికి క్యాలెండర్ తెలుసన్నమాట" అంది.

ఈసారి విత్తనానికని కొన్ని కాయలు తీగ మీదే ఎండబెట్టాం. సీసా ముప్పావు నిండింది. పల్నాడు వాళ్లెవరైనా ఉంటే జూన్లో ఇంటికెళ్లే ముందు నన్నడగండి, తలా పది గింజలిస్తాను. ఒక్క సీసాలోనే ఉంటే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది. ఒకటే షరతు: ఫిబ్రవరిలో పెట్టకండి.