ఇంటికొచ్చిన అతిథి జారిపడితే?

"డాక్టరుగారూ, ఈసారి రక్తపోటూ మధుమేహమూ కాకుండా ఇంకేదైనా వ్రాసిపెట్టండి" అని సంపాదకులు ఆదేశించారు. అందుచేత ఈ నెలకు వైద్యం కట్టిపెట్టి, మాకు అలవాటు లేని న్యాయశాస్త్రం జోలికి వెళుతున్నాము. గుంటూరు మెడికల్ కాలేజీలో మా గురువులెవరూ ఈ పాఠం చెప్పలేదు. షాంటిలీలోని మా ఇంటి గరాజు మెట్టు చెప్పింది.

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పేరంటం జరిగింది. పిల్లా జెల్లా కలిపి ముప్ఫయి మందికి పైనే వచ్చారు. ముందు గుమ్మం దగ్గర మంచు కరిగి చిత్తడిగా ఉన్నదని అందరినీ గరాజులోంచి రమ్మన్నాము. చెప్పులూ బూట్లూ అన్నీ అక్కడే విడిచారు. గరాజులోంచి ఇంట్లోకి మూడు చెక్కమెట్లు. వాటిలో కింది మెట్టు పలక దీపావళి నుంచీ ఊగుతున్నది. పైన బల్బు క్రిస్మసుకు ముందే మాడిపోయింది. రెండు సంగతులూ మాకు తెలుసు. కాలు ఎక్కడ వేయాలో మా ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది గనుక, 'వచ్చే శనివారం చూద్దాంలే' అనుకుంటూ శనివారాలు గడిపేశాము. అతిథులు వచ్చేటప్పటికి ఇంకా పగలు. గరాజు పెద్ద తలుపు తీసి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

రాత్రి తొమ్మిదింటికి మా మిత్రుని తండ్రిగారు, తెనాలి నుంచి విజిటరు వీసా మీద వచ్చిన డెబ్భయి నాలుగేళ్ళ పెద్దాయన, తాంబూలం సంచి చేతబట్టుకుని చెప్పుల కోసం అందరికన్నా ముందు బయలుదేరారు. అప్పటికి గరాజు తలుపు మూసేశాము. లోపల కటిక చీకటి. దబ్బున చప్పుడు విని మేము పరుగెత్తేసరికి ఆయన నేలమీద ఉన్నారు. ఎడమకాలు రెండోదానికన్న పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపించింది. తుంటి ఎముక విరిగిందని మాకు ఎక్స్‌రే లేకుండానే తెలిసిపోయింది. "కంగారుపడకు బాబూ, అదే మన దేశంలో అయితే ఈపాటికి పుత్తూరు కట్టుకు బయలుదేరదీసేవాళ్ళు" అని ఆయనే మాకు ధైర్యం చెప్పారు. 911కు ఫోను చేశాము. మర్నాడే ఆపరేషను జరిగింది.

ఆ వయసులో తుంటి విరగటమంటే మాటలు కాదు. ఆపరేషను బాగా జరిగినా, మంచాన పడితే న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డకట్టటం వంటివి కాచుకుని ఉంటాయి. దానికి తోడు ఖర్చు. విజిటర్లకు అమ్మే ఇన్సూరెన్సులో డెబ్భయి దాటినవారికి ఇచ్చే పరిమితి బాగా తగ్గిపోతుంది. మా మిత్రుడు కొన్న పాలసీ ఆసుపత్రి బిల్లులో సగానికి కూడా చాలలేదు. మేము రోజూ క్యారియరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. మందుల సంగతి మాట్లాడేవాళ్ళం. పెద్దాయన నాలుగడుగులు వేస్తే సంతోషించేవాళ్ళం. డబ్బు మాట మాత్రం ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. చివరికి ఆ మాట రాకుండా ఉండాలని మిగతా మాటలూ తగ్గించుకున్నాము.

మా ఇంటి ఇన్సూరెన్సు ఇటువంటి వాటికోసమేనని మాకు తెలియకపోలేదు. అయినా మూడు వారాలు ఫోను చేయలేదు. ప్రీమియం పెరుగుతుందన్న భయం కొంత. మా ఇంట్లో మా అజాగ్రత్త వల్ల ఒక పెద్దమనిషి పడ్డాడని పరాయివాడికి చెప్పుకోవటానికి సిగ్గు మరికొంత. చివరికి మా శ్రీమతి "మీ దగ్గరకు రోగి మూడు వారాలు ఆలస్యంగా వస్తే ఊరుకుంటారా?" అని అడిగింది. అప్పుడు చేశాము. న్యాయవాది అయిన ఒక మిత్రుని కూడా కలిశాము. ఆయన దగ్గర విన్నదే ఇక్కడ వ్రాస్తున్నాము.

పరాయివారి స్థలంలో అడుగుపెట్టిన మనిషిని వర్జీనియా న్యాయస్థానాలు మూడు తరగతులుగా చూస్తాయి: ఇన్వైటీ, లైసెన్సీ, ట్రెస్‌పాసర్. మూడోవాడు అనుమతి లేకుండా చొరబడినవాడు. ఇన్వైటీ అంటే ఆహ్వానం అందుకున్నవాడు గదా అని మేమూ అనుకున్నాము. కాదట! బొట్టుపెట్టి పిలిచినా సరే, విందుకు వచ్చిన చుట్టం లైసెన్సీయే. పచ్చిమిరపకాయలు కొనటానికి కొట్టుకు వచ్చినవాడు ఇన్వైటీ. కొట్టు యజమాని తన స్థలాన్ని ఎప్పటికప్పుడు చూసుకుంటూ, జాగ్రత్తపడితే తెలిసే ప్రమాదాలను కూడా కనిపెట్టి సరిచేయాలి. ఇంటి యజమానికి అంత బాధ్యత లేదు. తనకు తెలిసి, అతిథికి తెలియని ప్రమాదం ఉంటే మాత్రం చెప్పాలి. చుట్టాన్ని దేవుడన్న మన పెద్దలు వింటే ఏమనేవారో!

ఈ విభజన ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1866లో, చక్కెర కర్మాగారంలో గ్యాసు పని చూడటానికి వచ్చి నేలలోని కంతలోంచి కింద పడిన ఒక పనివాని దావాలో, పనిమీద వచ్చినవారి పట్ల యజమాని చూపవలసిన జాగ్రత్త ఏమిటో తేల్చారు. ఇన్వైటీకీ లైసెన్సీకీ ఉన్న ఈ తేడాను ఆ దేశమే 1957 చట్టంతో తీసివేసింది. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1968లో రోలండ్ - క్రిస్టియన్ దావాలో ఆ పని చేసింది. ఆ కథ మాకు చప్పున తగిలింది. ఒక అపార్టుమెంటులో స్నానాలగది కుళాయి పింగాణీ పిడి పగిలి ఉన్నది. అద్దెకున్నామెకు ఆ సంగతి తెలుసు. మార్చమని ఇంటివారికి చెప్పింది కూడా. ఇంటికి వచ్చిన అతిథికి మాత్రం చెప్పలేదు. ఆ పిడి అతని చేతిలో పగిలి స్నాయువులూ నరమూ తెగిపోయాయి. మా మెట్టు సంగతి మేమైతే ఎవరికీ చెప్పలేదు.

వర్జీనియాలో ఇంకో మెలిక ఉన్నది. పడ్డవానిది కూడా కొంత తప్పు ఉన్నదని తేలితే, అది నూటికి ఒక వంతే అయినా సరే, సాధారణంగా ఒక్క డాలరు కూడా రాదు. దీనిని కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. చాలా రాష్ట్రాలు ఎవరి తప్పు ఎంతో లెక్కకట్టి పరిహారం తగ్గిస్తాయి. ఈ పాత పద్ధతి అలబామా, మేరీలాండ్, నార్త్ కెరొలినా, వర్జీనియాలలో మిగిలింది. దావా వేయటానికి ఇక్కడ గడువు రెండేళ్ళు.

ఇన్సూరెన్సు మనిషి ఫోనులో చాలా ప్రశ్నలు వేశాడు. మెట్టు ఊగుతున్నట్లు మీకు తెలుసా? తెలుసు. బల్బు? తెలుసు. అతిథికి చెప్పారా? చెప్పలేదు. ఈ మూడు జవాబులు ఇచ్చేటప్పుడు మా గొంతు మాకే కొత్తగా వినిపించింది. తర్వాత అతడు, మీ అంతట మీరు డబ్బిస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి అని హెచ్చరించాడు. అది పాలసీలో ఉన్న నియమమే. ఉన్నది ఉన్నట్లు చెప్పటం కూడా పాలసీలో ఉన్న నియమమే. ఇటువంటి జాగ్రత్త వైద్యులకు కొత్త కాదు. వైద్యుడు రోగి పట్ల సానుభూతిగా పలికిన మాటను అతనిమీద సాక్ష్యంగా వాడరాదని వర్జీనియా చట్టంలో ఉన్నది. తప్పు నాదేనన్న మాటకు మాత్రం ఆ రక్షణ లేదు.

ఇంటి పాలసీలో రెండు భాగాలున్నాయని అప్పుడు తెలిసింది. ఒకటి అతిథుల వైద్య ఖర్చు. తప్పెవరిదని అడగకుండా చెల్లిస్తారు. అయితే మామూలుగా అది కొద్ది వేల డాలర్లే. రెండోది బాధ్యత భాగం. లక్ష డాలర్ల నుంచి పైకి ఉంటుంది. దానికి మాత్రం మన తప్పు తేలాలి. చిన్నది త్వరగానే వచ్చింది. పెద్దదానికి కంపెనీ అడ్డం తిరిగింది: చీకట్లోకి నడిచింది ఆయనే గదా, జేబులో ఫోను ఉన్నది, దానికి దీపం ఉన్నది గదా అన్నారు. మా మిత్రుడు వకీలును పెట్టుకోక తప్పలేదు.

నోటీసు రావటానికి ముందు రోజు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. కూర్చోలేదు. "రేపు మీకో కాగితం వస్తుందండీ. దానిమీద మీ పేరుంటుంది. మీరేమీ అనుకోకండి" అన్నారు. ఆ మాట అనటానికి ఆయన ఎన్నాళ్ళు మథనపడ్డారో ముఖంలో కనిపించింది. "మీరు అడగవలసింది కాదు, మేమే ముందు చెప్పవలసింది" అన్నాము. మా శ్రీమతి కాఫీ తెచ్చింది. అప్పుడు కూర్చున్నారు. ఏడు నెలలకు వ్యవహారం రాజీ అయింది. ఆసుపత్రి బాకీ తీరింది. పెద్దాయన పడ్డ బాధకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

ఇది పాఠకులకు చెప్పుకోవటంలో మా ఉద్దేశం ఒకటే. మనవాళ్ళలో స్నేహితుని మీద దావా అంటే ద్రోహమన్న భావం గట్టిగా ఉన్నది. కాగితం మీద పేరు స్నేహితునిదే. చెల్లించేది సాధారణంగా అతడు ఏటా ప్రీమియం కట్టిన కంపెనీ. పడ్డవారు నోరు తెరవటానికి సిగ్గుపడితే, ఆ మాట ముందు గృహస్థే ఎత్తటం మర్యాద. మన సంఘం వంటి సంస్థలవారు మరొకటి గమనించాలి. ఇక్కడి చట్టంలో ధర్మసంస్థ సేవ పొందటానికి వచ్చినవారు దాని మామూలు అజాగ్రత్తకు దావా వేయలేరు. కనుక ఉగాదికి వచ్చిన పెద్దవారు పడితే చట్టం ఆదుకోకపోవచ్చు. అందుచేత హాలు మెట్లూ, తీగలూ, తడినేలా ముందుగా చూసుకునే బాధ్యత కార్యకర్తల మనస్సాక్షిదే.

ఇళ్ళల్లో చేయవలసినది పెద్ద పనేమీ కాదు. కారు దిగిన చోటునుంచి కంచం దాకా, కంచం నుంచి కారు దాకా అతిథి నడిచే దారిని రాత్రిపూట మీరొకసారి నడవండి. చెప్పులు మెట్లమీద కాకుండా పక్కన పెట్టించండి. పెద్దవారు తొడుక్కోవటానికి ఒక కుర్చీ వేయండి. పాలసీ కాగితం తీసి ఆ రెండు అంకెలూ చూసుకోండి. సరిచేయలేనిది ఉంటే నోరు తెరిచి చెప్పండి.

తెనాలి వెళ్ళేముందు పెద్దాయన చేతికర్రతో మా ఇంటికి భోజనానికి వచ్చారు. గరాజులో ఇప్పుడు మనిషి అలికిడికి వెలిగే దీపం ఉన్నది. మూడు మెట్లూ కొత్తవే, పక్కన పట్టుకోవటానికి కమ్మీ ఉన్నది. ఆయన కింది మెట్టును కర్రతో రెండుసార్లు తట్టి చూశారు. "గట్టిగానే ఉందిరా అబ్బాయ్" అని కొడుకుతో అని, కమ్మీ పట్టుకుని లోపలికి వచ్చారు.